కదలకుండా మూడు వందల వేగం

రొయ్యల ధర ఆకాశంలో ఉన్న ఏడాది తాటిలంక భద్రిరాజు స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఆ ఏడాది ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అందరూ ఏదో ఒకటి కొన్నారు. కొందరు పొలాలు కొన్నారు, కొందరు హైదరాబాదులో ఫ్లాట్లు కొన్నారు, ఒకాయన ఏకంగా రైసు మిల్లే కొన్నాడు. అవన్నీ తెలివైనవాళ్ళు కొనే వస్తువులని భద్రిరాజుకి తర్వాత తెలిసింది.

ఆయన కొన్నది ఎర్రటి కారు. నేలకి అంటుకుపోయినట్టు ఉంటుంది. రెండే సీట్లు, పైన టాపు లేదు. గంటకి మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోతుందని కంపెనీవాళ్ళు ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంది. తాటిలంక నుంచి బయటి ప్రపంచానికి ఉన్న దారి కాలవ గట్టు రోడ్డు ఒక్కటే. దాని మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి. మిగతా సగంలో బాతులు నడుస్తుంటాయి. ఆ కారు మూడో గేరు ఎలా ఉంటుందో భద్రిరాజు ఎరగడు. టి.వి.ఎస్. బండి మీద పాలక్యాన్లు వేసుకుని వెళ్ళే వెంకన్న రోజూ ఆయన్ని దాటుకుని పోయేవాడు. పోతూ పోతూ మర్యాదకి కాస్త స్లో చేసి, "బాగున్నారాండి రాజు గారూ" అని పలకరించేవాడు కూడా.

అంత వేగం పోయే కారు ఊళ్ళోకి వచ్చింది కదా అని పంచాయతీవాళ్ళు ముందుజాగ్రత్తగా వీధికో స్పీడు బ్రేకరు వేయించారు. కారు పొట్ట నేలకి జానెడు ఎత్తు కూడా లేదు. దాంతో స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా అటూ ఇటూ చెక్కబల్లలు పరిచి, పల్లకీ దాటించినట్టు నలుగురు పట్టి దాటించాల్సి వచ్చేది.

ఎక్కడం అనే మాట ఆ కారుకి వర్తించదు. దాంట్లోకి దిగాలి. దిగడం భద్రిరాజుకి వచ్చు. పైకి రావడమే రాదు. ఎవరైనా రెండు చేతులూ పట్టి లాగితే తప్ప లేవలేకపోయేవాడు. అందుకని పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు, ఇంటాయన స్వయంగా వచ్చి చెయ్యి అందించేదాకా నల్ల కళ్ళజోడు పెట్టుకుని కారులోనే కూర్చునేవాడు. రాజు గారికి గర్వం పెరిగిందని పదిమందీ అనుకున్నారు. నిజానికి ఆయనకి పెరిగింది పొట్ట.

భార్య వసుంధర ఆ కారులో ఒకే ఒకసారి కూర్చుంది. ఆ రోజు వాళ్ళ ముందు ఊక లారీ ఒకటి పోతోంది. భీమవరం చేరేసరికి ఆవిడ తల నిండా, ఒడి నిండా ఊక. కొంగు దులుపుకుంటూ, "గొడుగేసుకుని కూర్చోవాల్సిన బండికి ఇంత డబ్బు పోశారా అండి," అంది. మళ్ళీ ఆవిడ ఆ కారెక్కలేదు, ఆ మాటా ఎత్తలేదు. ఆ మాట ఎత్తకపోవడమే భద్రిరాజుని ఎక్కువ బాధపెట్టింది.

రెండేళ్ళు తిరిగేసరికి రొయ్యల ధర నేలకి దిగింది. చెరువులు ఎండగట్టి ఉన్నాయి. మళ్ళీ పంట వెయ్యాలంటే రొయ్యపిల్లల సీడు కావాలి, మేత కావాలి. బ్యాంకువాళ్ళు కుర్చీ వెయ్యడం మానేశారు. ఇంట్లో అమ్మదగ్గ వస్తువు ఏదీ అని ఆలోచిస్తే షెడ్డులో ఎర్రగా ఒకటి కనిపించింది.

అమ్ముదామంటే బజారు చచ్చుబడి ఉంది. మంచి ఏడాది కొన్నవాళ్ళందరూ చెడ్డ ఏడాది అమ్మకానికి పెట్టారు. భద్రిరాజు ప్రకటన చూసి చాలామంది వచ్చారు. కొత్తగా పెళ్ళి కుదిరిన జంటలు వచ్చి కారుకి ఆనుకుని ఫోటోలు తీయించుకుని వెళ్ళారు. ఒకాయన వెనక ట్రాక్టరు ట్రక్కు తగిలిస్తే లాగుతుందా అని అడిగాడు. ఇంకొకాయన లీటరుకి ఎంతిస్తుందని అడిగి, జవాబు విని, వసుంధర తెచ్చిన కాఫీ కూడా తాగకుండా లేచిపోయాడు.

చివరికి ఒక నిజమైన బేరం తగిలింది. ఆయన పేరు డాక్టర్ జోగారావు. జిల్లా కేంద్రంలో పళ్ళ డాక్టరు. యాభై దాటిన మనిషి, బట్టతల మీద క్రికెట్ టోపీ పెట్టుకుని వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, తలుపు తీసి లోపలికి దిగి, స్టీరింగు పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత లేవబోయి లేవలేకపోయాడు. భద్రిరాజు ఏమీ అడక్కుండానే రెండు చేతులూ అందించి పైకి లాగాడు. తనని తానే అద్దంలో చూసుకున్నట్టయింది ఆయనకి. ఇంత అమాయకుడికి అమ్మడం అన్యాయమేమో అనిపించింది. ఎండిన చెరువులు గుర్తొచ్చి ఆ ఆలోచన మానుకున్నాడు.

"చిన్నప్పట్నుంచీ కోరికండి," అన్నాడు జోగారావు సిగ్గుపడుతూ. "మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. కాయితాలు నా పేరు మీదకి మారాక చెప్తాను."

"అదే మంచిదండి," అన్నాడు భద్రిరాజు అనుభవం మీద.

కాయితాలు మారడానికి ఇద్దరూ కారు తీసుకుని జిల్లా రవాణా కార్యాలయానికి వెళ్ళారు. అక్కడి బ్రేకు ఇన్‌స్పెక్టరు పేరు పరంజ్యోతి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాట్లాడితే రిజిస్టరు చదివినట్టు ఉంటుంది. పాత వాహనాలు అమ్మేవాళ్ళు అబద్ధాలు చెప్పి కొనేవాళ్ళని మోసం చేస్తున్నారని ఆ మధ్యనే కొత్త నిబంధన ఒకటి వచ్చింది. దాని పేరు 'సామర్థ్య సత్య నిరూపణ'. వాహనం గురించి కంపెనీ పుస్తకంలో ఏమేమి రాసి ఉందో అవన్నీ అధికారి కళ్ళ ముందు నిరూపిస్తేనే బదిలీ జరుగుతుంది.

హారను నిరూపణ అయింది. లైట్లు నిరూపణ అయ్యాయి. టాపు లేదన్న సంగతిని పరంజ్యోతి పైకి చూసి ధ్రువపరిచాడు. తర్వాత పుస్తకంలో పేజీ తిప్పాడు.

"సదరు వాహనము గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగము కలిగియున్నదని ఇందులో ఉన్నది. నిరూపించండి."

"ఎక్కడండి?" అన్నాడు భద్రిరాజు.

"ప్రభుత్వ రహదారి మీద. స్థలము దరఖాస్తుదారుని ఇష్టము."

"మన జిల్లాలో అరవై దాటితే కేసు రాత్తారు కదండి."

"తప్పక రాయబడును. లైసెన్సు రద్దుపరచి, వాహనమును స్వాధీనపరచుకొందుము."

"స్వాధీనం చేసుకున్న బండిని అమ్ముకోవచ్చాండి మరి?"

"స్వాధీనములో నున్న వాహనమునకు బదిలీ వర్తించదు."

"పోనీ నిరూపించకపోతేనండి?"

"నిరూపణ కాని వాహనమునకు కూడా బదిలీ వర్తించదు. రెండు విధాలా మీకు సమాన న్యాయమే జరుగుతుంది."

భద్రిరాజు కాస్త ఆలోచించి, "ఇది నలభై కన్నా ఎక్కువ పోదని రాసుకోండి బాబూ. రెండేళ్ళుగా నేను నడుపుతున్నాను, నాకు తెలుసు. కావాలంటే పాల వెంకన్నని అడగండి," అన్నాడు.

పరంజ్యోతి మొహం గంభీరమైపోయింది. "నలభై మాత్రమే పోవునట్లయితే అది పుస్తకములోని కారు కాదు, వేరొక కారు. ఆ వేరొక కారు మీ వద్దకు ఎట్లు వచ్చినదో దర్యాప్తు చేయవలసి ఉంటుంది."

భద్రిరాజు వెంటనే అది మూడు వందలు పోతుందని ఒప్పుకున్నాడు.

వ్యవహారం పైఅధికారి శేషశయనం గారి బల్ల మీదకి వెళ్ళింది. ఆయన నిదానస్తుడు. విషయం అంతా విని, ఇది ఒక్క కారు సమస్య కాదని, జిల్లాలో వేగానికి తగిన స్థలం లేకపోవడమనే మౌలిక సమస్య అని తేల్చాడు. అలా 'వేగ స్థల అన్వేషణ ఉపసంఘం' ఏర్పడింది. ఉపసంఘంలో రవాణావాళ్ళు, రోడ్లవాళ్ళు, పోలీసువాళ్ళు, ఎందుకో గాని పశుసంవర్ధకవాళ్ళు కూడా ఉన్నారు. రోడ్ల మీద బాతులున్నాయి కాబట్టి తాము లేనిదే నిర్ణయం చెల్లదని వాళ్ళు పట్టుబట్టారట.

ఉపసంఘం జీపులో జిల్లా అంతా తిరిగింది. ఎక్కడ తిరిగినా మధ్యాహ్నానికి తాటిలంక గట్టు మీదకే వచ్చేది. ఆ గట్టుని తేలిగ్గా తోసిపుచ్చలేమని, మరొక్కసారి పరిశీలించాలని సభ్యులు అనేవారు. పరిశీలన భద్రిరాజు ఇంట్లో రొయ్యల వేపుడుతో ముగిసేది. ఎండిన చెరువుల మూలల్లో నీటి గుంటల్లో మిగిలిపోయిన ఆ కాసిని రొయ్యలూ అలా వేగ పరిశోధనకి ఉపయోగపడ్డాయి.

"వీళ్ళు రోడ్డు వెతుకుతున్నారా, మన వంటింటికి దారి వెతుకుతున్నారా అండి," అంది వసుంధర ఒకరోజు గిన్నెలు సర్దుతూ.

"కాస్త ఓర్చుకో. వాళ్ళకి కోపం వస్తే ఇంకో ఉపసంఘం వేస్తారు."

ఆవిడ నవ్వాపుకుంది. అది చూసి భద్రిరాజుకి ధైర్యం వచ్చింది. "నువ్వేమనుకుంటున్నావో నాకు తెలుసులే. ఈ కారు కొన్నవాడిది బుద్ధి తక్కువ. వీళ్ళది చదువు ఎక్కువ. రెండూ కలిసినచోట నువ్వు వేపుడు చేస్తున్నావు," అన్నాడు. కారు కొన్నాక ఆ ఇంట్లో దాని మీద ఇద్దరూ కలిసి నవ్వుకోవడం అదే మొదలు.

అవతల జోగారావు రోజూ ఫోను చేస్తున్నాడు. "రాజు గారూ, తొలకరి వచ్చేత్తందండి. టాపు లేని బండి కదా. ఎండలుండగా ఒక్కసారైనా నడుపుదామనండి." ఆ గొంతులో ఆశ తగ్గుతూ రావడం భద్రిరాజుకి తెలుస్తూనే ఉంది. ఈ బేరం పోతే మరో బేరం లేదు. మరో బేరం లేకపోతే ఈ పంట లేదు.

ఉపసంఘం చివరికి నివేదిక ఇచ్చింది. జిల్లాలో తగిన రోడ్డు లేదు. స్పీడు బ్రేకర్లు తీయించి ఒక రోడ్డు తయారుచేద్దామా అంటే, ఆ రోడ్డు మీద ఎవరూ వేగంగా పోవడం లేదని ముందు నిరూపించాలని రోడ్లవాళ్ళు అన్నారు. అయితే న్యాయ సలహాదారు ఒక మార్గం కనిపెట్టాడు. నిబంధనలో వేగం నిరూపించాలని ఉంది గాని, వాహనం ఒకచోటు నుంచి మరొకచోటికి వెళ్ళాలని ఎక్కడా లేదు. మీటరు చూపించేది చక్రాల వేగాన్ని. కనుక వాహనాన్ని జాకీల మీద పైకెత్తి, చక్రాలు గాలిలో తిరుగుతుండగా మీటరు మూడు వందలు చూపిస్తే చాలు.

"దీనిని గమనము లేని వేగము అందురు," అని శేషశయనం గారు భద్రిరాజుకి వివరించాడు. "మా శాఖలో ఇది కొత్త విషయమేమీ కాదు."

నిరూపణ రోజు కార్యాలయ ఆవరణలో షామియానా వేశారు. ముందు వరసలో అధికారులకి కుర్చీలు, కుర్చీల ముందు మజ్జిగ గ్లాసులు. కారుని జాకీల మీద నిలబెట్టి కొబ్బరికాయ కొట్టారు. భద్రిరాజుకి హెల్మెట్ పెట్టించి, ఇద్దరు పట్టుకుని లోపలికి దింపారు. జోగారావు సైకిల్ స్టాండు దగ్గర నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని, ఆపరేషను గది బయట బంధువులా చూస్తున్నాడు. ఎక్కడికీ కదలని కారుకి శేషశయనం గారు పచ్చజెండా ఊపాడు.

భద్రిరాజు యాక్సిలరేటరు తొక్కాడు. రెండేళ్ళుగా గొంతు నొక్కుకుని ఉన్న ఇంజను ఒక్కసారి నోరు తెరిచింది. మూడో గేరు అంటే ఏమిటో ఆయనకి ఆ రోజు తెలిసింది. నాలుగో గేరూ తెలిసింది. ముల్లు వంద దాటింది, రెండు వందలు దాటింది. చక్రాలు లేపిన గాలికి వెనకాల షామియానా పడవ తెరచాపలా ఉబ్బింది. మజ్జిగ గ్లాసులు దొర్లిపోయాయి. కిటికీల్లోంచి ఫైళ్ళు బయటికి వచ్చి కొంగల్లా ఎగిరాయి. లైసెన్సుల కోసం వరసలో నిలబడ్డవాళ్ళందరూ మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. ముల్లు మూడు వందల మీద నిలబడింది.

భద్రిరాజు ఒళ్ళు ఝల్లుమంది. ఈ కారు కొన్న రోజు నుంచి ఆయన కలగన్నది ఈ క్షణమే. స్టీరింగు గట్టిగా పట్టుకుని, కళ్ళు చిన్నవి చేసి, ముందుకి వంగి దూసుకుపోయాడు. ఎదురుగా సైకిల్ స్టాండు మాత్రం ఉన్నచోటే ఉంది. దాని పక్కన జోగారావు కూడా ఉన్నచోటే ఉన్నాడు. వాళ్ళ వైపు చూశాక భద్రిరాజుకి తను ఎలా కనిపిస్తున్నాడో అర్థమైంది. నెమ్మదిగా కాలు తీశాడు.

పరంజ్యోతి చెల్లాచెదురైన కాగితాల మధ్య నిలబడి నివేదిక చదివాడు. "సదరు వాహనము గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగముతో కార్యాలయ ఆవరణలోనే యున్నది. నిరూపణ సంతృప్తికరము."

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టనివాడు సెక్షను సూపరింటెండెంటు ఒక్కడే. ఎగిరిపోయిన ఫైళ్ళన్నీ ఆయనవే. మర్నాడు ఆయన ఒక అభ్యంతరం లేవనెత్తాడు. ఒకచోటు నుంచి మరొకచోటికి పోయేదే వాహనమని చట్టంలో నిర్వచనం ఉంది. పూర్తి వేగంతో నడిచి కూడా ఉన్నచోటే ఉన్నట్టు అధికారులే సంతకాలు చేసిన వస్తువు వాహనం ఎలా అవుతుంది అన్నది ఆయన ప్రశ్న. నివేదిక తప్పని ఒప్పుకోవడం కుదరదు కాబట్టి, కారే కారు కాదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

శేషశయనం గారు భద్రిరాజుని పిలిపించి కుర్చీ వేయించాడు. "శుభవార్త. మీ కారు ఇకపై స్థిర యంత్రముగా పరిగణింపబడును. పిండిమర, పంపుసెట్టు వర్గము. దీనికి రోడ్డు పన్ను లేదు, లైసెన్సు అక్కరలేదు. ఎవరికైనా నిరభ్యంతరముగా అమ్ముకొనవచ్చును."

"రోడ్డు మీద నడుపుకోవచ్చాండి?"

"పిండిమరను రోడ్డు మీద నడుపుతారా?"

"నడపరండి."

"అంతే. యజమాని తన వృత్తి నిమిత్తము, తన వృత్తి స్థలములో మాత్రమే వాడవలెను. ఏడాదికొకసారి మావాళ్ళు వచ్చి కదలడం లేదని ధ్రువపరుస్తారు."

ఈ సంగతి జోగారావుకి ఎలా చెప్పాలో భద్రిరాజుకి తెలియలేదు. ఫోనులో చెప్పే విషయం కాదని ఆస్పత్రికే వెళ్ళాడు. జోగారావు అంతా విని, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నడుపుదామనుకున్నానండి," అన్నాడు.

"నేనూ అలాగే అనుకున్నానండి," అన్నాడు భద్రిరాజు. "దాచడం ఎందుకు, ఉన్న రెండేళ్ళూ నేను దాన్ని నడిపింది తక్కువ, అది నన్ను నవ్వులపాలు చేసింది ఎక్కువ. మీకు ఇష్టం లేకపోతే వద్దండి. బలవంతం లేదు. నేను ఇంకేదో చూసుకుంటాను."

అలా అన్నాక ఆయనకే భయం వేసింది. ఇంకేదో అనేది ఏమీ లేదు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

జోగారావు గది మధ్యలో ఉన్న పాత కుర్చీ వైపు చూశాడు. పేషెంట్లు కూర్చునే కుర్చీ అది. రెక్సిన్ చిరిగింది, వెనక్కి వాల్చితే ముందుకి వస్తుంది. "ఆ సీట్లు పూర్తిగా వెనక్కి వాలతాయి కదండి," అన్నాడు మెల్లగా.

"మంచంలా వాలతాయండి."

"టాపు కూడా లేదు. పైనుంచి లైటు బాగా పడద్ది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గోడ ఒకటి పగలగొట్టి కారుని లారీ మీంచి ఆస్పత్రిలోకి దించారు. వృత్తి నిమిత్తం, వృత్తి స్థలంలో, కదలకుండా. నిబంధనలో ఒక్క అక్షరం తప్పలేదు. భద్రిరాజుకి డబ్బు ముట్టింది, చెరువుల్లోకి నీళ్ళు వచ్చాయి, సీడు పడింది. పళ్ళ డాక్టరంటే పారిపోయే జనం ఎర్ర కారులో కూర్చోవచ్చని పక్క జిల్లాల నుంచి కూడా రావడం మొదలుపెట్టారు. ఏ బాధా లేనివాళ్ళు సైతం పళ్ళు చూపించుకుని వెళ్తున్నారని చెప్పుకున్నారు. జోగారావు చిన్న పీట వేసుకుని తలుపు పక్కన కూర్చుని పని చేస్తాడు. ఖాళీ సమయాల్లో లోపలికి దిగి స్టీరింగు పట్టుకుంటాడని, సాయంత్రం కాంపౌండరు వచ్చి లాగుతాడని కూడా అన్నారు.

వానలు వెనకబట్టాక భద్రిరాజుకి దవడ పన్ను పోటు పట్టుకుంది. రెండు రోజులు లవంగం నమిలాడు. మూడో రోజు వసుంధరే బస్సెక్కించి తీసుకెళ్ళింది. ఆస్పత్రిలో ఆయన్ని డ్రైవరు పక్క సీట్లోకి దింపారు. డ్రైవరు సీట్లో అప్పటికే ఒక ముసలావిడ ఉంది. ఇంజక్షను పనిచెయ్యడం కోసం ఎదురుచూస్తూ, రెండు చేతుల్తో స్టీరింగు పట్టుకుని దర్జాగా కూర్చుంది.

జోగారావు ఆప్యాయంగా పలకరించి, భద్రిరాజు చిగురుకి ఒక ఇంజక్షను చేసి నోటి నిండా దూది కుక్కాడు. "ఏం కాదండి. నొప్పి అనిపిస్తే చెయ్యి ఎత్తండి, చాలు. ఇంకో సూదేత్తాను," అని పరికరాలు సర్దుకోసాగాడు.

ముసలావిడ అటూ ఇటూ చూసి, మీటరు మీద వేలితో రుద్ది, తల భద్రిరాజు వైపు తిప్పింది.

"ఏం బాబూ, ఇంత బంగారం లాంటి బండి కొని, తోలుకోడం సేతగాక, పళ్ళు పీక్కోడానికిచ్చేసినోడు ఎవరో ఎరుగుదువా? ఏ ఊరి పిచ్చి మారాజో గాని ఒకపాలి సూడాలనుందయ్యా."

గుమ్మం దగ్గర నిలబడ్డ వసుంధర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భద్రిరాజుకి జవాబు చెప్పాలనిపించింది. దాచుకోవాలని ఇప్పుడు లేదు. కాని నోటి నిండా దూది. అందుకని బళ్ళో హాజరు పలికే పిల్లాడిలా మెల్లగా కుడిచెయ్యి ఎత్తాడు.

"నొప్పిగా ఉందాండి," అంటూ జోగారావు వచ్చి ఇంకో ఇంజక్షను పొడిచాడు.